వెల్‌నెస్ ప్రోగ్రాం నిజంగా పనిచేసిందా? కొలిచి చూడడం ఎలా

"మా ఆఫీసులో ఏడాది నుంచి వెల్‌నెస్ ప్రోగ్రాం నడుస్తోంది. దానివల్ల ఉపయోగం ఉందో లేదో చెప్పమని పైవాళ్లు అడుగుతున్నారు. ఏం చూపించాలి?" హెచ్‌ఆర్‌లో పనిచేసే మిత్రులు నన్ను ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. ప్రతిసారీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన రిపోర్టుల్లో చాలావాటిలో వాపును చూసి బలుపు అనుకోవడమే జరుగుతోంది. యోగా క్లాసుకు ఎంతమంది వచ్చారు, యాప్ ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారు, వచ్చినవాళ్లలో ఎంతమంది "బాగుంది" అన్నారు అనేవి ప్రోగ్రాం జరిగిందని చెబుతాయి, అంతే. అది పనిచేసిందని చెప్పాలంటే రెండు కావాలి. ఒకటి, మొదలుపెట్టకముందు తీసుకున్న కొలత. రెండోది, ప్రోగ్రాం అందనివాళ్లతో పోలిక. ఈ రెండూ ఉంటే మామూలు ఎక్సెల్ షీటు సరిపోతుంది. ఇవి లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా జవాబు రాదు.

సిద్ధం చేసుకోవలసినవి

- గత రెండేళ్ల సెలవుల రికార్డు, నెలవారీగా. ఒక్క ఏడాదిదే దొరికితే అదైనా సరే. అనారోగ్య సెలవులు, మిగతా సెలవులు విడివిడిగా ఉండాలి.
- ఉద్యోగులందరి జాబితా: విభాగం, షిఫ్టు, చేరిన తేదీ, మానేసి ఉంటే ఆ తేదీ. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకుంటారో లేదో ఇప్పుడే తేల్చుకోండి. మధ్యలో మార్చకూడదు.
- ఖర్చుల వివరాలు. ట్రైనర్ ఫీజు, యాప్ చందా ఒక్కటే కాదు, ఉద్యోగులు పని వదిలి సెషన్లో కూర్చున్న గంటలు కూడా ఖర్చే.
- ఆరోగ్య వివరాలు దాచి ఉంచే మనిషి. జీతాల పెంపులో, ప్రమోషన్లలో ఆ మనిషికి ఏ పాత్రా ఉండకూడదు. బయటి నర్సో డాక్టరో అయితే ఇంకా మంచిది.
- ఓపిక. సెలవుల మీద ప్రభావం ఏడాది నిండకుండా తేలదు.

1. ఏం మారాలో ఒక్క వాక్యంలో రాయండి

"ఉద్యోగుల ఆరోగ్యం మెరుగుపడాలి" అని రాసుకుంటే దాన్ని కొలవలేరు. "పన్నెండు నెలల్లో ప్యాకింగ్ విభాగంలో నడుం నొప్పి ఉందని చెప్పేవాళ్లు వందకు 40 నుంచి 30కి తగ్గాలి" అని రాయండి. ఎవరిలో, ఏది, ఎంత, ఎప్పటికి అనే నాలుగూ ఆ వాక్యంలో ఉండాలి.

కొలిచేది కూడా చేసే పనికి తగ్గట్టు ఉండాలి. కుర్చీలు, బల్లల ఎత్తు సరిచేస్తే మెడ నొప్పి, నడుం నొప్పి చూడండి. ధ్యానం క్లాసులు పెట్టి కొలెస్ట్రాల్ తగ్గిందేమోనని చూడడం దండగ. రెండు మూడు కొలతలకు మించి పెట్టుకోవద్దు. ఇరవై పెట్టుకుంటే వాటిలో ఒకటో రెండో ఊరికే కూడా మెరుగ్గా కనిపిస్తాయి. అప్పుడు వాటినే పట్టుకుని రిపోర్టు రాయాలనిపిస్తుంది.

రాసిన కాగితం మీద తేదీ వేసి, పైఅధికారి సంతకం తీసుకుని ఫైల్లో పెట్టండి. ఏడాది తర్వాత "అసలు మనం చూడాల్సింది ఇది కాదు కదా" అని ఎవరైనా మాట మారిస్తే మీకు ఆధారం అదే.

2. మొదలుపెట్టకముందే మొదటి కొలత తీసుకోండి

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ప్రయోజనం లేదు. ప్రోగ్రాం గురించి ప్రకటించడానికి రెండు మూడు వారాల ముందే సర్వే పూర్తిచేయండి. ప్రకటించాక అడిగితే జవాబుల్లో అప్పటికే కొత్త ఉత్సాహం కలిసిపోతుంది, లేదా "దీనికేదో కారణం ఉంది" అన్న అనుమానం కలుస్తుంది.

ఇప్పటికే మొదలైపోయిందా? అప్పుడూ దారి ఉంది. సెలవులు, రాజీనామాల రికార్డు ఎలాగూ పాతది ఉంటుంది కాబట్టి దాన్ని వాడండి. ప్రోగ్రాం ఇంకా చేరని శాఖ ఉంటే అక్కడ వెంటనే మొదటి కొలత తీసుకోండి. ఒక్కటి మాత్రం చేయొద్దు: "ఆరు నెలల క్రితం మీకు ఎలా ఉండేది?" అని అడగొద్దు. ఇప్పుడు బాగున్నవాళ్లు అప్పుడు బాగాలేదన్నట్టు గుర్తు తెచ్చుకుంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు, మన జ్ఞాపకమే అలా పనిచేస్తుంది.

3. ఎవరితో పోలుస్తారో తేల్చుకోండి

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

అందరికీ ముందు తట్టేది "పాల్గొన్నవాళ్లు ఒకవైపు, పాల్గొననివాళ్లు మరోవైపు" అనే పోలిక. చూడడానికి సబబుగానే ఉంటుంది. కానీ పొద్దున్నే జిమ్ సెషన్‌కు తనంతట తానుగా వచ్చే మనిషి ఎవరు? చాలావరకు ముందునుంచే ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్లు. ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లు, రాత్రి షిఫ్టు చేసి అలసిపోయినవాళ్లు రాలేరు. ఏడాది తర్వాత మొదటివాళ్ల ఆరోగ్యం బాగుంటే అది ప్రోగ్రాం గొప్పతనమని ఎలా అంటాం?

దీన్ని చాలా స్పష్టంగా చూపించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 2016లో దాదాపు 4,800 మంది ఉద్యోగులను చేర్చుకుని, వాళ్లలో 3,300 మందిని లాటరీ పద్ధతిలో ఎంచి వెల్‌నెస్ ప్రోగ్రాంలోకి పిలిచారు. మిగతావాళ్లను పిలవలేదు. పిలిచినవాళ్లలో పాల్గొన్నవాళ్లను పాల్గొననివాళ్లతో పోల్చినప్పుడు ప్రోగ్రాం అద్భుతంగా పనిచేసినట్టు కనిపించింది. కానీ పిలిచిన గుంపు మొత్తాన్ని పిలవని గుంపుతో పోల్చేసరికి వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆరోగ్య పరీక్షలు చేయించుకున్నవాళ్లు, "మా సంస్థ మా ఆరోగ్యానికి ప్రాధాన్యం ఇస్తుంది" అని నమ్మినవాళ్లు మాత్రం పెరిగారు. పాల్గొన్నవాళ్ల వైద్య ఖర్చు ప్రోగ్రాం మొదలుకాకముందే తక్కువగా ఉండేదని కూడా అందులో తేలింది. అవే మనుషులు, అవే రికార్డులు. పోల్చే తీరు మారితే జవాబే మారిపోయింది.

కాబట్టి మీ దగ్గర వీలైనదాన్ని బట్టి ఈ వరుసలో ఎంచుకోండి.

అన్నిటికన్నా మంచిది విడతలుగా మొదలుపెట్టడం. ఎలాగూ అందరికీ ఒకేసారి ఇచ్చేంత బడ్జెట్ ఉండదు. విభాగాల పేర్లు చీటీల మీద రాసి అందరిముందూ తీయండి. ముందు వచ్చినవాళ్లకు ఇప్పుడు, మిగతావాళ్లకు ఏడాది తర్వాత. ఎవరికీ అన్యాయం జరగదు, మీకు పోలిక దొరుకుతుంది.

అది కుదరకపోతే ఒకే రకం పని జరిగే రెండు శాఖలు తీసుకోండి. పని గంటలు, వయసులు, షిఫ్టులు దగ్గరగా ఉండాలి. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లను గోడౌన్‌లో బరువులు మోసేవాళ్లతో పోల్చొద్దు.

అదీ కుదరకపోతే గత రెండేళ్లలో అవే నెలలతో పోల్చండి. ఇది బలహీనమైన పోలిక అని రిపోర్టులో రాయండి. ఏ దారిలో వెళ్లినా ప్రోగ్రాం అందుబాటులో ఉన్న అందరినీ లెక్కలోకి తీసుకోవాలి, వచ్చినవాళ్లను మాత్రమే కాదు.

4. కొలతలు ఒకే పద్ధతిలో తీసుకోండి

సెలవులు: అనారోగ్యంతో పోయిన రోజులు ÷ పనిచేయాల్సిన మొత్తం రోజులు × 100. మధ్యలో చేరినవాళ్లకు, మానేసినవాళ్లకు వాళ్లు ఉన్నన్ని రోజులే కలపండి.

మనసు స్థితి: సొంతంగా ప్రశ్నలు తయారుచేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌ఓ-5 అనే ఐదు ప్రశ్నల పట్టిక 1998 నుంచి వాడుకలో ఉంది. గత రెండు వారాల్లో మనసు ఉల్లాసంగా ఉందా, ప్రశాంతంగా ఉందా, నిద్ర లేచినప్పుడు హాయిగా ఉందా వంటివి అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 మార్కులు. మొత్తాన్ని 4తో హెచ్చిస్తే నూటికి స్కోరు వస్తుంది. 50 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆ మనిషిని మరింత జాగ్రత్తగా చూడాలని అర్థం. ఒకే మనిషి స్కోరులో 10 పాయింట్ల మార్పు వస్తే దాన్ని చెప్పుకోదగ్గ మార్పుగా లెక్కిస్తారు.

హెచ్చరిక: డిప్రెషన్ కోసం వాడే పీహెచ్‌క్యూ-9 పట్టికను పేర్లు లేని సర్వేలో పెట్టొద్దు. దాని తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఎవరైనా "దాదాపు ప్రతిరోజూ" అని రాస్తే అది ఎవరో మీకు తెలియదు, సాయం చేయలేరు. వెంటనే స్పందించే వైద్యుడి ఏర్పాటు లేనిచోట అది అడగకూడని ప్రశ్న.

బీపీ: ఇది తేలికైన పని అనుకుంటారు. నేను పనిచేసిన ఒక చోట మొదటి క్యాంపు మూడో అంతస్తులో పెట్టారు. లిఫ్టు దగ్గర రద్దీ చూసి అందరూ మెట్లెక్కి వచ్చారు. లైన్లో నిలబడి కబుర్లు చెప్పుకుంటూ, వంతు రాగానే స్టూలు మీద కూర్చుంటే, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి గాలి కొట్టేశారు. ఆరు నెలల తర్వాత రెండో క్యాంపు కింద అంతస్తులో, ఏసీ గదిలో, కుర్చీలు వేసి పెట్టారు. సగటు బీపీ బాగా తగ్గింది. ఆ తగ్గుదలను ప్రోగ్రాం విజయంగా పోస్టర్ మీద వేశారు. మెట్లకు, కుర్చీలకు దక్కాల్సిన పేరది!

మీరు ఇలా చేయించండి: కొలవడానికి ముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోవద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ చర్మం మీద ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి రెండు మూడు సైజులు తెప్పించండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. రెండు క్యాంపులూ ఒకే గదిలో, ఒకే సమయంలో, వీలైతే ఒకే మెషీన్‌తో జరగాలి.

5. పేరు లేకుండానే పాత, కొత్త జవాబులు కలపండి

పేరు రాయమంటే నిజం చెప్పరు. అసలు ఏ గుర్తూ రాయించకపోతే ముందు జవాబునూ తర్వాతి జవాబునూ జతచేయలేరు. ఒక చిన్న ఉపాయం ఉంది. సర్వే మొదట్లో "మీ అమ్మగారి పేరులో మొదటి అక్షరం, మీరు పుట్టిన తేదీలో రోజు, మీరు చదివిన మొదటి బడి పేరులో మొదటి అక్షరం" రాయమనండి. ఆ కోడ్ ఎవరిదో వాళ్లకే తెలుసు, ఏడాది తర్వాత అడిగినా అదే వస్తుంది.

పదిమంది కన్నా తక్కువ ఉన్న గుంపు అంకెలను విడిగా ఎవరికీ చూపించొద్దు. ఆరుగురున్న టీంలో "ఒకరికి తీవ్రమైన టెన్షన్" అని వస్తే మేనేజర్ మధ్యాహ్నానికల్లా అదెవరో కనిపెట్టేస్తాడు. ఆ మరుసటి సర్వేలో ఒక్కరు కూడా నిజం రాయరు.

6. ఎవరికి చేరిందో రాసుకోండి

నాలుగు అంకెలు చాలు: విషయం తెలిసినవాళ్లు, ఒక్కసారైనా వచ్చినవాళ్లు, సగం సెషన్లకు వచ్చినవాళ్లు, చివరిదాకా ఉన్నవాళ్లు. షిఫ్టులవారీగా విడదీయండి. దానితోపాటు ఒక డైరీ పెట్టండి. సెలవుల రూల్ మారిన తేదీ, కొత్త మేనేజర్ వచ్చిన తేదీ, ఓవర్‌టైం పెరిగిన నెల, ఉద్యోగాల కోత వార్త అన్నీ అందులోకి ఎక్కాలి. చివర్లో అంకె ఎందుకు కదిలిందో వెతికేటప్పుడు ఇదే అక్కరకొస్తుంది.

7. మళ్లీ కొలవండి

సర్వేలు ఆరు నెలలకు, పన్నెండు నెలలకు. సెలవులు, బీపీ పన్నెండు నెలలకు, వీలైతే పద్దెనిమిదికి. పన్నెండు నెలల కొలత మొదటిసారి కొలిచిన నెలలోనే తీసుకోండి. జలుబులు, జ్వరాల కాలంలో ఒకసారి, అవి లేని కాలంలో ఒకసారి కొలిస్తే రుతువు మార్పే మీకు ఫలితంగా కనిపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. మొదటిసారి 300 మంది జవాబిచ్చి, రెండోసారి 170 మందే ఇచ్చారనుకుందాం. రెండుసార్లూ జవాబిచ్చినవాళ్లనే పోల్చండి. రానివాళ్ల మొదటి స్కోర్లు ఎలా ఉండేవో కూడా చూడండి. ఇబ్బందిలో ఉన్నవాళ్లే మాయమైతే సగటు దానంతట అదే పెరుగుతుంది.

రెండోది, బీపీ ఎక్కువగా ఉన్న 50 మందిని ఏరి, వాళ్లకే ప్రోగ్రాం పెట్టి, తర్వాత "సగటు తగ్గింది" అనడం. ఆ రోజు ఏ కారణంగానో ఎక్కువ చూపించినవాళ్లలో చాలామందికి మరోరోజు చూస్తే ఏమీ చేయకపోయినా తగ్గి ఉంటుంది. ఇలాగే బీపీ ఎక్కువగా ఉండి, ప్రోగ్రాం అందని మరో 50 మందితో పోలిక లేకుండా ఏమీ తేల్చలేం.

8. లెక్క వేయండి

మొదటి శాఖలో 200 మంది, ఏడాదికి 240 పనిదినాలు అనుకుందాం. మొత్తం 48,000 రోజులు. అనారోగ్య సెలవులు 4.2 శాతం నుంచి 3.6 శాతానికి తగ్గాయి. అంటే 288 రోజులు. ఇక్కడే ఆగిపోతే తప్పు లెక్క అవుతుంది. ప్రోగ్రాం లేని రెండో శాఖలో కూడా 4.0 నుంచి 3.7కి తగ్గింది. ఆ 0.3 ఎలాగూ తగ్గేదే. మిగిలిన 0.3 శాతం, అంటే 144 రోజులు మాత్రమే ప్రోగ్రాం వల్ల తగ్గి ఉండొచ్చు.

ఆ 0.3 కూడా నమ్మదగిందేనా? నలభై మంది ఉన్న శాఖలో పనిదినాలు 9,600. ఒక్కరికి కాలు విరిగి 30 రోజులు సెలవు పెడితే అదే 0.31 శాతం. చిన్న శాఖల్లో ఒక్క మనిషి సెలవు మొత్తం ఫలితాన్ని మింగేయగలదు. గత రెండేళ్లలో మీ అంకె ప్రోగ్రాం లేకుండానే ఎంత అటూఇటూ ఊగిందో చూడండి. మీ మార్పు ఆ ఊగిసలాట లోపలే ఉంటే "తేలలేదు" అని రాయండి. ఆ మాట రాయడానికి మొహమాటపడొద్దు.

9. డబ్బు సంగతి చివర్లో

"రూపాయి పెడితే మూడు రూపాయలు తిరిగొస్తాయి" అని అమ్మేవాళ్లు చెప్పడం మీరు వినే ఉంటారు. ఈ మాటకు ఎక్కువగా చూపించే ఆధారం అమెరికా ఆర్థికవేత్త కాథరిన్ బైకర్, మరో ఇద్దరు కలిసి 2010లో వేసిన ఒక లెక్క. అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, ప్రతి డాలరుకు వైద్య ఖర్చులో సుమారు 3.27 డాలర్లు ఆదా అవుతున్నట్టు వాళ్లు రాశారు. అదే బైకర్, జిరుయి సాంగ్‌తో కలిసి 2019లో లాటరీ పద్ధతిలో చేసిన పెద్ద పరీక్ష ఫలితం ప్రచురించారు. అమెరికాలో ఒక దుకాణాల సంస్థకు చెందిన 160 చోట్ల దాదాపు 33,000 మంది ఉద్యోగులు అందులో ఉన్నారు. పద్దెనిమిది నెలల తర్వాత వ్యాయామం చేస్తున్నామని, బరువు అదుపులో పెట్టుకుంటున్నామని చెప్పినవాళ్లు పెరిగారు. బీపీ, కొలెస్ట్రాల్, వైద్య ఖర్చు, గైర్హాజరు మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. తన పాత లెక్కను ఇంత గట్టి పరీక్షకు పెట్టినందుకు ఆ పరిశోధకురాలి మీద నాకు గౌరవం.

మీ లెక్కలో ఆదా అయిన రోజులను రోజు జీతంతో హెచ్చించి అదంతా మిగులు అని రాయకండి. ఆ రోజుల్లో బదులు మనిషిని పెట్టి డబ్బు ఇచ్చేవారా? ఓవర్‌టైం ఇచ్చేవారా? ఇచ్చి ఉంటేనే అది నిజంగా మిగిలిన డబ్బు.

తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు

యాప్ కంపెనీ పంపిన రిపోర్టునే మీ రిపోర్టుగా అతికించడం. ఆ అంకెలు యాప్ తెరిచినవాళ్లవి మాత్రమే. వాళ్ల సొంత సరుకుకు వాళ్లే మార్కులు వేసుకుంటున్నారు.

ట్రైనర్ గదిలో ఉండగానే అభిప్రాయాల ఫారం నింపించడం. ఎదురుగా నవ్వుతూ నిలబడిన మనిషికి తక్కువ మార్కులు వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

సెలవులు తగ్గడాన్ని ఎప్పుడూ మంచిగానే చూడడం. సెలవు పెడితే బోనస్ పోతుందన్న భయంతో జ్వరంతోనే పనికి వస్తుంటే సెలవులు తగ్గుతాయి, ఆరోగ్యం కాదు పెరిగేది. సర్వేలో "గత నెలలో ఒంట్లో బాగాలేకపోయినా ఎన్ని రోజులు పనికి వచ్చారు?" అని తప్పకుండా అడగండి. సెలవులు తగ్గి ఈ అంకె పెరిగితే అది చెడ్డ వార్త.

ఫలితం సరైనదేనా? ఇలా సరిచూసుకోండి

ప్రోగ్రాంకు సంబంధమే లేని ఒక అంకె తీసుకుని అదే లెక్క వేయండి. మీరు నడుం నొప్పి కోసం పనిచేసి ఉంటే, పంటి నొప్పితో పెట్టిన సెలవులు చూడండి. అవి కూడా అంతే తగ్గి ఉంటే తగ్గించింది మీ ప్రోగ్రాం కాదు, మరేదో ఉంది. డైరీ తెరిచి వెతకండి.

మానేసినవాళ్లను కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్క వేయండి. రెండు జవాబులూ బాగా వేరుగా వస్తే రెండూ రిపోర్టులో పెట్టండి. తర్వాత అసలు రికార్డును ఈ ప్రోగ్రాంతో సంబంధం లేని సహోద్యోగికి ఇచ్చి, మీ జవాబు చెప్పకుండా మళ్లీ లెక్క వేయమనండి.

ఏ మార్పూ లేదని తేలితే వెంటనే ప్రోగ్రాం మూసేయకండి. ఆరో దశలో రాసుకున్న అంకెలు చూడండి. అసలు చేరకపోతే అది పనిచేసిందో లేదో ఇంకా తెలియనట్టే, వేళలు మార్చి మళ్లీ పెట్టండి. బాగా చేరినా మార్పు లేకపోతే, పని భారం గురించి, షిఫ్టుల మధ్య విరామం గురించి ఉద్యోగులనే అడగండి. రోజుకు పన్నెండు గంటలు పనిచేసే మనిషికి పదిహేను నిమిషాల ధ్యానం ఎంతని చేస్తుంది?

ఫలితం ఏదైనా సరే, నెల లోపల ఒక్క పేజీలో ఉద్యోగులందరికీ చూపించండి: ఏం అడిగాం, ఏం తేలింది, ఏం మార్చబోతున్నాం. జవాబిచ్చినవాళ్లకు ఏమీ చెప్పకుండా ఊరుకున్న చోట రెండో సర్వే ఫారాలు సగం ఖాళీగా రావడం నేను కళ్లారా చూశాను.